రెండు బాణాల దస్త్రం

కాలువల శాఖవారి పెదమల్లవరం డివిజన్ కార్యాలయంలో ద్రాక్షారపు మాణిక్యాంబ ముప్పై ఒక్క సంవత్సరాలుగా పటాలు గీస్తున్నది. ఆమె గీసిన కాలువల్లో నీరు పారినవి ఉన్నాయి, పారనివీ ఉన్నాయి. పటంలో మాత్రం అన్నింటికీ ఒకటే నీలిరంగు. ఈ సంగతి ఆమెను లోలోపల బాధిస్తూ ఉండేది. అందుచేత ఏది గీయమన్నా ముందు వెళ్లి కళ్లారా చూసి, ఉన్నది ఉన్నట్టు గీయడం అలవాటు చేసుకున్నది. రెండుసార్లు ఆమెకు ప్రమోషన్ తప్పిపోవడానికి ఈ అలవాటే కారణమని కార్యాలయంలో అందరికీ తెలుసు. ఆమె ఒక్కతికే ఆ నమ్మకం కుదరలేదు.

ఏప్రిల్ చివరివారంలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఇకమీదట శాఖ పని యావత్తూ ‘సహకార వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థలో జరుగుతుందనీ, అందుకుగాను ప్రతి పనికీ ఒక కార్యప్రవాహ చిత్రం గీయాలనీ దాని సారాంశం. మొదలుకూ ముగింపుకూ అండాకారం, చేయవలసిన పనికి దీర్ఘచతురస్రం, తీసుకోవలసిన నిర్ణయానికి డైమండు ఆకారం, వీటన్నింటినీ కలపడానికి బాణాలు. అలా గీసిన చిత్రాన్ని వేదికలోని ‘రూపకర్త’ అనే పరికరంలోకి దిగుమతి చేయాలి. దిగుమతి అయిన క్షణం నుంచి దస్త్రాలు మనుషులు చెప్పినట్టు కాక బాణాలు చూపినట్టు నడుస్తాయి. నాలుగో పేరాను లావుపాటి అక్షరాల్లో అచ్చువేశారు: “చిత్రంలో లేని పని చేయరాదు. చిత్రంలో ఉన్న పని మానరాదు.”

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు యనమండ్ర దక్షిణామూర్తిగారు ఆ మధ్యాహ్నమే సిబ్బందిని సమావేశపరిచారు. ఆయనకు కొత్తదేదైనా ఇష్టమే, అది కాగితం మీద ఉన్నంతవరకు.

“మిత్రులారా! ఇంతకాలం మనం పని చేస్తూ వచ్చాం. ఇకనుంచి పనిని గీస్తాం. ఇది చిన్న మార్పు కాదు. ఇది పరిపాలనా చింతనలో ఒక మౌలికమైన మలుపు. చేసిన పనికి ఒక్కసారే పేరొస్తుంది. గీసిన పనికి చూసినప్పుడల్లా వస్తుంది.”

సిబ్బంది చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఇంకా ఆగకముందే గుమ్మం దగ్గర ఒక మనిషి భుజం మీది గోనెసంచి దించి నమస్కారం పెట్టాడు. అతను బొంతు ఏసుపాదం, పధ్నాలుగో నంబరు తూము దగ్గర లస్కరు. అంటే షట్టరు ఎత్తి దించే మనిషి. సంచిలోంచి తుప్పుపట్టిన ఇనుపముక్క ఒకటి తీసి నేలమీద పెట్టాడు.

“ఏంటయ్యా అది?”

“షట్టరు రాడ్డండి. సగానికి ఇరిగిపోయిందండి. మిగతా సగం తూములోనే ఉండిపోయిందండి.”

“అయితే?”

“జూన్ పదో తారీఖున నీళ్లొదుల్తారు గదండి. రాడ్డు లేకపోతే షట్టరు లెగదండి. షట్టరు లెగకపోతే నడిమిలంక శివారు నాలుగొందల ఎకరాలకీ చుక్క అందదండి. నిరుడు గూడా అంతేనండి, నారుమళ్లు ఎండిపోయి పశువుల్ని తోలేశాం. నేనూ ఓ ఎకరం కౌలుకి తీసుకున్నానండి, ఈసారి ఎలాగైనా పండుద్దని.”

“కొత్త రాడ్డు కావాలంటావు.”

“మన స్టోర్సులోనే ఉందండి. ఎర్రరంగు ఏసి ఉంది. ఇప్పుడే కిటికీలోంచి చూసొచ్చానండి.”

స్టోర్సు అంటే కార్యాలయానికి ఎదురుగా, ఆవరణకు అవతలివైపున్న రేకులషెడ్డు. గుమ్మంలో నిలబడితే ఆ రాడ్డు ఎర్రగా కనబడుతూనే ఉంది. దక్షిణామూర్తిగారు అటువైపు చూడకుండా ఏసుపాదాన్ని జాలిగా చూశారు.

“కనబడినంత మాత్రాన ఉన్నట్టు కాదు ఏసుపాదం. నిన్నటిదాకా అయితే ఉండేది. ఇవాళ్టి నుంచి దానికో చిత్రం ఉంటేగాని అది లేదు. మాణిక్యాంబగారూ! మన మొదటి చిత్రం ఇదే కానివ్వండి. తూము రాడ్డు జారీ.”

మాణిక్యాంబ పెన్సిలూ కాగితమూ పట్టుకుని సూపరింటెండెంటు పెద్దింటి అప్పలస్వామి దగ్గరికి వెళ్లింది. ఈ కార్యాలయంలో దస్త్రం ఎలా నడుస్తుందో ఆయనకు తెలిసినంతగా దస్త్రానికి కూడా తెలియదు.

“అర్జీ వస్తుంది. గుమాస్తా రాసి నాకు పెడతాడు. నేను సంతకం పెట్టి ఈ.ఈ.గారికి పంపిస్తాను. ఇంతవరకు చతురస్రాలే గీసుకోండి,” అన్నాడు అప్పలస్వామి.

“తరవాత ఈ.ఈ.గారు ఒప్పుకుంటారా లేదా అన్నది డైమండు. అవునంటే ఒక బాణం, కాదంటే ఒక బాణం. అంతే కదండీ?”

అప్పలస్వామి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ ఆఫీసు పెట్టి అరవై రెండేళ్లయింది మాణిక్యాంబగారూ. ఏ ఈ.ఈ. అయినా ‘అవును’ అని గాని ‘కాదు’ అని గాని రాసిన దస్త్రం ఒక్కటి పట్టుకురండి. నా ఉద్యోగం మీకు రాసిచ్చేస్తాను.”

“మరి ఏం రాస్తారు?”

“మాట్లాడండి.”

“అదే, మాట్లాడమనే కదండీ మిమ్మల్ని అడుగుతున్నది.”

“కాదమ్మా, వారు రాసేది అదే. దస్త్రం మీద మూలగా, ‘మాట్లాడండి’ అని.”

ఆమె నమ్మలేదు. రికార్డు గదిలో మూడు రోజులు కూర్చుని పాత దస్త్రాలన్నీ తిరగేసింది. దొరల కాలపు పద్ధతిని మన కాలపు చేతిరాతలో ఎంత శ్రద్ధగా కాపాడుకున్నారో చూసి ఆశ్చర్యపోయింది. ఎర్రసిరాలో, పచ్చసిరాలో, నీలిసిరాలో, వంకర సంతకాల పైన, నిటారు సంతకాల పైన ఒకటే మాట. దాని కిందనే అప్పలస్వామిదో, ఆయన ముందువారిదో చేతివ్రాత: “చర్చించినట్లుగా, చర్య తీసుకొనడమైనది.”

“ఆ చర్చలో ఏం జరుగుతుందండీ?” అని అడిగింది తిరిగి వచ్చి.

“నేను లోపలికి వెళ్లి ఎదురుగా నిలబడతాను. ఆయన దస్త్రం వంక చూస్తారు. తరవాత ఫ్యాను వంక చూస్తారు. నేను గోడ గడియారం వంక చూస్తాను. అలా కాసేపయ్యాక ఆయన ‘ఊఁ’ అంటారు.”

“ఊఁ అంటే ఒప్పుకున్నట్టా?”

“కుర్చీ వెనక్కి వాలితే ఒప్పుకున్నట్టు. ముందుకి వంగితే లేదన్నట్టు. కదలకపోతే ఇంకో వారం ఆగమన్నట్టు. ఇదంతా పుస్తకాల్లో ఉండదు. పాతికేళ్లు పట్టింది నాకు నేర్చుకోడానికి.”

మాణిక్యాంబ అంతా శ్రద్ధగా రాసుకుని, ఉన్నది ఉన్నట్టు గీసింది. ‘మాట్లాడండి’కి ఒక దీర్ఘచతురస్రం. ‘ఫ్యాను వంక చూచుట’కు ఒకటి. ‘కుర్చీ స్థితి’కి డైమండు.

వేదికను అమ్మిన కంపెనీ తరఫున నిహారిక అనే ఇంజనీరు వచ్చింది, వారం రోజులుండి చిత్రాలను దిగుమతి చేసిపోవడానికి. చురుకైన పిల్ల. చిత్రాన్ని రూపకర్తలోకి ఎక్కించి మీట నొక్కింది. తెర మీద ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: “నిర్ణయమునకు రెండు నిష్క్రమణలు లేవు. దిగుమతి నిరాకరించబడినది.”

“ఫ్యాను వల్లనా అమ్మా?” అన్నది మాణిక్యాంబ కొంచెం బిడియంగా.

“కాదాంటీ, ఫ్యాను బాక్సుని అది హ్యాపీగా తీసేసుకుంది. డైమండ్‌తోనే గొడవ. దీంట్లోంచి మూడు బాణాలొస్తున్నాయి. వాలితే, వంగితే, కదలకపోతే. దీనికి రెండే కావాలి. అవును, కాదు. అంతే.”

ఈ సంగతి దక్షిణామూర్తిగారికి విన్నవించారు. ఆయన చిత్రాన్ని చాలాసేపు పరిశీలించి, ‘ఫ్యాను వంక చూచుట’ దగ్గర ఆగి, ఒకసారి ఫ్యాను వంక చూసి, దిగ్గున చూపు దించుకున్నారు. ఆ చతురస్రాన్ని ‘సమగ్ర పరిశీలన’ అని మార్చమన్నారు. తరవాత డైమండు సమస్యకు వచ్చారు.

“చూడమ్మా నిహారికా. ‘అవును’ అన్నానే అనుకో, రేపు ఏదైనా తేడా వస్తే ఎందుకన్నావని నన్నడుగుతారు. ‘కాదు’ అన్నానే అనుకో, ఎందుకు కాదన్నావని ఆ ఏసుపాదం అడుగుతాడు. ఒక బాధ్యతాయుతమైన అధికారి ఈ రెండింటిలో దేనికీ లొంగకూడదు.”

“కానీ సార్, రెండు బాణాలూ ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి కదా?”

“వెళ్లనీ. ఎక్కడికైనా వెళ్లొచ్చా?”

“ఎక్కడికైనా వెళ్లొచ్చు సార్.”

ఆయన ముఖం విప్పారింది. ఎర్రపెన్సిలు అందుకుని ‘అవును’ బాణాన్ని వంచి వెనక్కి తిప్పి సూపరింటెండెంటు గడిలో దించారు. ‘కాదు’ బాణాన్ని ఇంకోవైపు నుంచి వంచి అక్కడే దించారు. ఆ గడిలో ‘పునఃసమర్పణ’ అని స్వహస్తంతో రాశారు.

“అంటే దస్త్రం వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుందాండీ?” అన్నది మాణిక్యాంబ.

“వెనక్కి అనకండి. పునఃపరిశీలన అనండి.”

“మరి రాడ్డు?”

“రాడ్డుకి అన్యాయం జరగదు. అది ముగింపులో ఉంటుంది.”

“ముగింపుకి బాణమే లేదండి.”

“అన్నీ ఒక్కరోజున రావు మాణిక్యాంబగారూ. ముందు దిగుమతి కానివ్వండి.”

దిగుమతి అయింది. తెర మీద పచ్చటి టిక్కు వెలిగింది. రెండు బాణాలు ఉన్నాయి. అవి ఎక్కడికి పోతున్నాయన్నది రూపకర్తకు అనవసరం. నిహారిక ఇంకొక్క ప్రశ్న అడిగింది. అధికారి మీట నొక్కకుండా ఊరుకుంటే కొంత గడువు చూసి, దస్త్రం తనంతట తానే ‘కాదు’ బాణం పట్టి ముందుకుపోతుందట. ఆ గడువు ఎంత పెట్టమంటారు?

“మా కార్యాలయంలో జాప్యానికి తావు లేదు,” అన్నారు దక్షిణామూర్తిగారు. “ఒక నిమిషం.”

ఆ క్షణం నుంచి తూము రాడ్డు దస్త్రం తిరగడం మొదలుపెట్టింది. నిమిషానికి ఒక చుట్టు, గంటకు అరవై చుట్లు. పగలూ రాత్రీ, ఆదివారమూ సెలవుదినమూ లేకుండా, ఈ.ఈ.గారి గడికి పోవడం, అక్కడ నిమిషం నిలబడడం, వెనక్కి రావడం, మళ్లీ పోవడం. చుట్టు తిరిగినప్పుడల్లా అర్జీదారుకు ఫోనులో ఒక సందేశం వెళ్లేది: “మీ దస్త్రము కదిలినది.”

నాలుగు రోజులకు ఏసుపాదం మళ్లీ వచ్చాడు. కళ్లు గుంటలు పడ్డాయి.

“అమ్మగారూ, మా దస్త్రం బాగా కదుల్తుందండి. ఊరంతా సంతోషించాం. కానండి, ఆ గంట మోత ఆగట్లేదండి. ఫోను తీసికెళ్లి పశువులపాకలో పెట్టాం. గేదె పాలు తగ్గించేసిందండి.”

“ఫోను ఆపెయ్యకపోయావా?”

“ఆపేస్తే, వచ్చేసిందన్న కబురు అప్పుడే వస్తే ఎలాగండి? ఇవాళ మా ఆవిడ కాపలా కూర్చుంది.” తరవాత గొంతు తగ్గించి అడిగాడు: “ఇంతకీ ఎంతదూరం వచ్చిందండి?”

మాణిక్యాంబ కిటికీలోంచి ఎదురుగా ఉన్న రేకులషెడ్డు వంక చూసింది. “దస్త్రమా? చాలా దూరం వెళ్లింది ఏసుపాదం,” అన్నది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

ఈలోగా నాలుగో పేరా కార్యాలయమంతా వ్యాపించింది. ఒకనాడు రికార్డు గదిలోకి జెర్రిపోతు ఒకటి దూరింది. అటెండరు కర్ర తీశాడు. అప్పలస్వామి వెంటనే అతని చెయ్యి పట్టుకుని, పామును తోలడానికి చిత్రం ఉన్నదా అని అడిగాడు. లేదు. మాణిక్యాంబను పిలిపించారు. ఆమె గుమ్మంలో స్టూలు వేసుకుని, పామును చూస్తూ, ‘అది పామేనా?’ అని డైమండు గీసింది. ‘కాదు’ బాణం ఎక్కడికి పోవాలన్న చర్చలో మధ్యాహ్నం గడిచిపోయింది. పాము అందరినీ చూసి చూసి, విసుగుపుట్టి, వచ్చిన కన్నంలోంచే వెళ్లిపోయింది. మర్నాడు చిత్రం విజయవంతంగా దిగుమతి అయిందని పై కార్యాలయానికి నివేదిక పంపారు.

మే నెలాఖరుకు ప్రధాన కార్యాలయం డివిజన్ల పనితీరు ప్రకటించింది. దస్త్రాల చలనశీలతలో పెదమల్లవరం ప్రథమస్థానం. రెండో స్థానంలో ఉన్న డివిజన్‌లో దస్త్రం సగటున నెలకు పదకొండుసార్లు కదిలింది; ఇక్కడ ఒక్క తూము రాడ్డు దస్త్రమే ముప్పై ఏడు వేల చిల్లరసార్లు కదిలింది. పొరుగు డివిజన్ల ఇంజనీర్లు జీపుల్లో వచ్చి, చిత్రాన్ని గోడకు తగిలించిన చోట నిలబడి ఫోటోలు తీసుకున్నారు. “ఇంత వేగం ఎలా సాధించారండీ?” అని అడిగినవారికి దక్షిణామూర్తిగారు వినయంగా, “ఎక్కడా ఆగకుండా చూసుకున్నాం, అంతే,” అని చెప్పేవారు.

జూన్ అయిదున ముఖ్య సమన్వయాధికారి స్వయంగా వచ్చి జ్ఞాపిక అందజేస్తారని కబురు వచ్చింది. దానికి ఒక తోక ఉంది. ఒక దస్త్రం మొదటి అండాకారం నుంచి చివరి అండాకారం దాకా నడవడం, అందులో అధికారి స్వయంగా మీట నొక్కి నిర్ణయం తీసుకోవడం తాము కళ్లారా చూడగోరుతున్నామని వారు తెలియపరిచారు.

దక్షిణామూర్తిగారికి ఆ పూట అన్నం సహించలేదు. కుర్చీ వెనక్కీ వాలలేదు, ముందుకీ వంగలేదు. మాణిక్యాంబను పిలిచి తలుపు వేయించారు.

“ముప్పై నాలుగేళ్ల సర్వీసండీ. మచ్చ లేదు. ఒక్క నిర్ణయం లేదు. ఇప్పుడు పదిమంది ముందు ఏదో ఒకటి నొక్కమంటున్నారు. ఏదైనా దారి చూడండి.”

ఆమెకు రేకులషెడ్డు కళ్లముందు మెదిలింది. నీళ్లు వదలడానికి ఇంక వారమే ఉంది.

“ఒక దారి ఉందండి. తూము రాడ్డు చిత్రమే తీసుకుందాం. ఆ రోజుకి నిమిషం గడువు తీయిస్తాను. డైమండులోంచి వచ్చే రెండు బాణాలూ మీ పద్ధతిలోనే ఒకేచోటికి పంపిద్దాం. వెనక్కి కాకుండా ముందుకి. ‘స్టోర్సు నుంచి రాడ్డు ఇచ్చుట’ అన్న గడిలోకి. అక్కడినుంచి ముగింపు.”

“అంటే, నేను ‘అవును’ అంటే రాడ్డు వెళుతుంది.”

“వెళుతుందండి.”

“‘కాదు’ అన్నా?”

“వెళుతుందండి.”

దక్షిణామూర్తిగారు లేచి నిలబడ్డారు. కళ్లు చెమర్చాయి. “ఏది నొక్కినా తేడా లేదన్నమాట! అయితే ఇందులో నా నిర్ణయమే లేదు. మాణిక్యాంబగారూ, పరిపాలన అంటే ఇదండీ. ఇన్నాళ్లూ మీలాంటి మనిషిని పటాల గదిలో కూర్చోబెట్టి శాఖ ఎంత నష్టపోయిందో!”

అయిదో తారీఖున హాలులో పెద్ద తెర కట్టారు. ముఖ్య సమన్వయాధికారి ముందువరసలో కూర్చున్నారు. దస్త్రం గుమాస్తా గడి దాటింది, అప్పలస్వామి గడి దాటింది, సమగ్ర పరిశీలన దాటింది, డైమండులో నిలబడి మినుకుమినుకుమని వెలగసాగింది. దక్షిణామూర్తిగారు మౌసు మీద చెయ్యి వేశారు. ఆయన ‘కాదు’ నొక్కారు.

బాణం వెలిగింది. రాడ్డు జారీ అయింది. చివరి అండాకారం పచ్చబడింది. హాలు దద్దరిల్లేట్టు చప్పట్లు కొట్టారు.

“‘అవును’ నొక్కుతారనుకున్నానండి,” అన్నది మాణిక్యాంబ తరవాత.

“‘అవును’ అన్నవాడిని ఎందుకన్నావని పదేళ్ల తరవాతైనా అడుగుతారు. ‘కాదు’ అన్నవాడిని ఈ శాఖలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు,” అన్నారాయన జ్ఞాపికను రుమాలుతో తుడుస్తూ.

ఎర్రరంగు వేసిన రాడ్డును ఏసుపాదం అదే సాయంత్రం బస్సు మీద వేసుకుని తీసుకుపోయాడు. మాణిక్యాంబ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఎనిమిదో తారీఖు పొద్దున కార్యాలయం తెరిచేసరికి ఏసుపాదం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే గోడకు చేరేసి రాడ్డు.

“ఏమయ్యా, కొలత కుదరలేదా?” అన్నది మాణిక్యాంబ.

“బిగించలేదండి.” ఫోను తీసి చూపించాడు. వేదిక పంపిన చివరి సందేశం: “మీ అభ్యర్థన తిరస్కరించబడినది. కావున సామగ్రి మీకు అందజేయబడినది. సహకరించినందుకు కృతజ్ఞతలు.”

“టీకొట్టు దగ్గర అందరికీ చదివి చూపించానండి. సారు వద్దన్న సరుకు నీ దగ్గరుంటే రేపు దొంగతనం కింద రాస్తారు, ఉద్యోగం పోద్దిరా అన్నారండి. రెండ్రోజులు నిద్దర లేదు. అందుకనే తిరిగిచ్చేద్దామని.”

“నారు పోశారా?”

“విత్తనాలు నానబోశామండి. మొలకలొచ్చేశాయి.”

అప్పలస్వామి వచ్చాడు, సందేశం చదివాడు. దక్షిణామూర్తిగారు వచ్చారు, రెండుసార్లు చదివారు, ముఖం తెల్లబోయింది. తాను నిరాకరించిన వస్తువు ప్రభుత్వ తూములో పనిచేయడమంటే ఏమిటో ఆయనకు అప్పటికి తట్టింది.

“తీసుకోండి! వెంటనే వెనక్కి తీసుకోండి!” అన్నారు.

“ఎలా తీసుకోమంటారండీ?” అన్నాడు అప్పలస్వామి నిదానంగా. “రాడ్డు ఇవ్వడానికి చిత్రం ఉంది. పుచ్చుకోడానికి లేదు. నాలుగో పేరా.”

“అయితే మాణిక్యాంబగారూ, పుచ్చుకునే చిత్రం ఇప్పటికిప్పుడు గీసెయ్యండి. మధ్యాహ్నానికల్లా దిగుమతి అయిపోవాలి.”

ఆమె ఏసుపాదం వంక చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. మెడలో తువ్వాలు రెండు కొసలూ పిడికిళ్లలో బిగించి పట్టుకున్నాడు.

“గీస్తానండి,” అన్నది. “కానండీ, చూడనిది నేను గీయలేను. రాడ్డు వాపసు రావడమంటే ముందు తూములోంచి విప్పడం కదండీ. మొదటి చతురస్రం అదే. విప్పడం నేనెప్పుడూ చూడలేదు.”

“అయితే వెళ్లి చూసి రండి.”

“బిగించకుండానే విప్పడం ఎలా చూడనండీ?”

దక్షిణామూర్తిగారు వాదంలో దోషం కోసం వెతికారు. దొరకలేదు. అప్పలస్వామి చటుక్కున గోడ గడియారం వంక తిరిగాడు. ఆయన భుజాలు మాత్రం కొంచెం అదురుతున్నాయి.

“బిగించడానికి చిత్రం ఉందా?” అని అడిగారు ఈ.ఈ.గారు చివరికి, అనుమానంగా.

“బిగించడం వేరే పని కాదండి,” అన్నాడు అప్పలస్వామి గడియారంతోనే. “చిత్రలేఖనంలో భాగం. బొమ్మ వేసేవాళ్లు ఎదురుగా పండు పెట్టుకున్నట్టు.”

“సరే. కేవలం చిత్రనిమిత్తం బిగించండి. అలా అని రాయండి. చూసి, విప్పి, పట్టుకురండి.”

పదకొండు గంటల బస్సుకు మాణిక్యాంబా, ఏసుపాదమూ, రాడ్డూ నడిమిలంక చేరారు. తొమ్మిదో తారీఖంతా ఆమె కాలువగట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది. ఏసుపాదం, అతని బావమరిది కలిసి విరిగిన ముక్కను గునపాలతో పెకలించి, గ్రీజు పూసి, కొత్త రాడ్డు దించి, మరలు బిగించారు. ప్రతి మరనూ ఆమె స్కెచ్ గీసుకుంది. చీకటిపడే వేళకు పని పూర్తయింది.

“రేపు పొద్దున్నే విప్పేద్దామాండి?” అన్నాడు ఏసుపాదం.

“నేను వచ్చి చూసేదాకా ముట్టుకోకు. రేపు కొంచెం ఆలస్యంగా వస్తాను.”

పదో తారీఖున ఆమె పదిన్నర బస్సుకు వచ్చింది. నీళ్లు తొమ్మిదింటికే వచ్చాయి. ఏసుపాదం చక్రం తిప్పుతుంటే షట్టరు కిర్రుమంటూ జానెడు లేచి, మూరెడు లేచి నిలబడింది. ఎర్రటి కొత్తనీరు చెత్తనూ, తామరాకులనూ, ఎవరిదో చెప్పునూ మోసుకుంటూ దాని కిందుగా శివారు కాలువలోకి దూకింది. గట్టు మీద జనం నీళ్లతోపాటు పరుగెత్తారు.

ఆ నెలలో ప్రధాన కార్యాలయం పెదమల్లవరం చిత్రాన్ని శాఖ అంతటికీ ఆదర్శంగా ప్రకటించింది. దక్షిణామూర్తిగారు ఉత్సాహంగా రోజుకు నలభై దస్త్రాలకు ‘కాదు’ నొక్కుతున్నారు. అర్జీదారులు కోరినవన్నీ పుచ్చుకుని ఆయనకు దండం పెట్టి పోతున్నారు. ఆయనకు ఒక్కటే లోటు, వాపసు చిత్రం ఇంకా రాలేదు. మూడు రిమైండర్లు వెళ్లాక మాణిక్యాంబ చక్కని దస్తూరీతో సమాధానం సమర్పించింది:

“రాడ్డు బిగించుట పరిశీలించడమైనది. విప్పుట పరిశీలించుటకు వెళ్లినప్పుడు కాలువలో నీరు పారుచున్నది. నీరు పారుచుండగా రాడ్డు విప్పినచో షట్టరు పడిపోవును గనుక పరిశీలన వాయిదా వేయడమైనది. పంట కోసి కాలువకు నీరు ఆపిన పిమ్మట పరిశీలించి చిత్రము పూర్తిచేయగలను. ప్రస్తుతము గీసినంతవరకు జతపరచడమైనది.”

జతపరచిన తెల్లకాగితం మీద, కొలతలో వెంట్రుకవాసి తేడా లేని అండాకారం ఒకటి ఉంది. లోపల ‘ప్రారంభం’ అని రాసి ఉంది. దక్షిణామూర్తిగారు ఆ కాగితాన్ని తిరగేసి కూడా చూశారు.

నడిమిలంక శివారులో అప్పటికి నారు బెత్తెడు లేచింది.